తాతయ్య నింపిన ఇరవై తూటాలు

తాతయ్య పోయాక రైఫిల్ నాకొచ్చింది. మామయ్యలిద్దరికీ దానిమీద మనసు లేదు. "ఆయన వెనకాల తోకలా తిరిగింది నువ్వే కదా, నువ్వే తీసుకో" అన్నాడు పెద్దమామయ్య. కాగితాలు నా పేరుకి మారడానికి తిరిగిన తిరుగుడు వేరే కథ, దాని జోలికి పోను. రైఫిల్‌తో పాటు ఒక రేకు డబ్బా నిండా పనిముట్లు, అట్ట ఊడిన నోటు పుస్తకం, చిన్న అట్టపెట్టెలో ఇరవై తూటాలు వచ్చాయి. పెట్టె మూత మీద పెన్సిల్‌తో ఆయన గుండ్రటి రాత: "7×57. 175 గుండు. పాత కొలతే." అంతే. తారీఖు లేదు.

తారీఖు వెయ్యకుండా తాతయ్య ఏ పెట్టెకీ మూత పెట్టడం నేనెరగను. అయినా ఆరోజు ఆ లోటు నా కంటికి ఆనలేదు.

ఆ ఇరవై తూటాలనూ తొమ్మిదేళ్ళు ముట్టుకోలేదు. దాచుకోవాలనే బెంగ కొంత, ఆయన చెప్పిన మాట కొంత. "ఇంకొకళ్ళు నింపిన తూటా నీ గొట్టంలోకి ఎక్కించకు. ఎంత పనిమంతుడైనా సరే, ఆరోజు వాడి చెయ్యి ఎలా ఉందో నీకు తెలీదు." నాకు పదమూడేళ్ళప్పుడు మొదటిసారి అన్నాడా మాట. తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. నింపినవాడు తాతయ్యే అయితే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

ముందు రైఫిల్ సంగతి చెప్పాలి. 1898 నమూనా మౌజర్. అక్రోటు చెక్క మడమ. కొలత 7×57. ఏడు గొట్టం బోలు, యాభయ్యేడు ఇత్తడి కేసు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. (కేసు అంటే తూటాకి వెనకవైపు ఉండే ఇత్తడి గొట్టం. తుపాకుల గురించి రాస్తూ కేసు అంటే చదివేవాళ్ళకి ఇంకోటి తడుతుందని తెలుసు, కానీ అందరూ అనే మాట అదే.) గొట్టం మీద నల్లపూత చాలా చోట్ల నిలిచే ఉంది. తూటాలు పేర్చే మ్యాగజైను దగ్గర, చేత్తో పట్టుకుని నడిచే చోట మాత్రం వెండిలా తెల్లబడిపోయింది. అది తాతయ్య అరచెయ్యి తినేసిన నలుపు. నా చెయ్యి చిన్నది, ఆ తెలుపు నిండదు.

ఆ రకం తూటాకి తాతయ్య కంటే వయసెక్కువ. 1892లో పాల్ మౌజర్ తయారుచేశాడు, మరుసటి ఏడాది స్పెయిన్ సైన్యం తీసుకుంది. 1898లో క్యూబాలో అమెరికా సైనికులు, ఆ తర్వాతి ఏడాది మొదలైన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు దాని దెబ్బేమిటో చూశారు. చివరికి ఆ బ్రిటన్‌లోనే రిగ్బీ కంపెనీ దానికి .275 అని పేరు మార్చి వేటగాళ్ళకి అమ్మింది. మనుషుల్ని తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కి బహూకరించిన రైఫిల్ ఈ కొలతదే. ఈ ముక్క విన్నాక నాలుగు రోజులు నా కాళ్ళు నేలమీద ఆనలేదు. కార్బెట్ తుపాకీ మా ఇంట్లో ఉందని స్నేహితురాళ్ళ దగ్గర కోతలు కోస్తుంటే తాతయ్య విని నవ్వాడు. "తుపాకీ కాదే అమ్మలూ, తూటా ఒక్కటే. కార్బెట్ కాళ్ళు మనకెక్కణ్ణించి వస్తాయి?"

నిజానికి నాకు కాల్చడం కంటే ముందు నింపడం అబ్బింది. పద్నాలుగో ఏడు వచ్చేదాకా తాతయ్య నన్ను ట్రిగ్గర్ మీద వేలు పెట్టనివ్వలేదు. బల్ల దగ్గర స్టూలు మీద మాత్రం కూర్చోనిచ్చాడు. తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి కేసు, దాని మొదట్లో నిప్పు పుట్టించే ప్రైమర్ బిళ్ళ, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేలాక గుండు ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. ఇత్తడి మిగులుతుంది. దాన్ని పారెయ్యడం తాతయ్య లెక్కలో పాపం. కాల్చిన ప్రతిసారీ వంగి, వెతికి, గడ్డిలోంచి ఏరి, జేబులో వేసుకునేవాడు. ఆయన కోటు జేబు ఎప్పుడూ గలగలమనేది.

పేలినప్పుడు ఆ ఇత్తడి ఉబ్బి, గొట్టం మొదట్లో తూటా కూర్చునే గది గోడలకి అతుక్కుని, మళ్ళీ కొంచెం సడలుతుంది. ఆ ఉబ్బుని డై అనే ఉక్కు అచ్చులోకి ప్రెస్సు మీటతో నెట్టి పాత కొలతకి తేవాలి. నేను మొట్టమొదట చేసిన ఘనకార్యం అక్కడే. కేసుకి పల్చగా నూనె రాసి నెట్టాలని చెప్పాడు. మూడు కేసులు బాగానే వచ్చాయి. నాలుగోదానికి రాయడం మర్చిపోయాను. మీట సగం దిగి గట్టిపడింది. నేనూ పట్టుదల మనిషినే, వేలాడాను. దిగింది. పైకి లేపితే కేసు అంచు చిరిగి చేతికొచ్చింది, ఒళ్ళంతా డైలోనే ఉండిపోయింది, పుట్టలో పాములా.

తాతయ్య అరవలేదు. అరిస్తే బావుండేది. డైని విప్పి బెంచి మీద బిగించాడు. కేసు మొదట్లో డ్రిల్లుతో చిల్లు వేసి, దానికి మరలు కోసి, బోల్టు ఎక్కించి, కింద వాషర్లు పెట్టి నట్టు తిప్పుతూ పోయాడు. అరగంట పట్టింది. చివరికి టక్కుమని ఊడొచ్చింది. ఆ బోల్టుని, దానికి అంటుకున్న కేసుతో సహా, నా ముందు పెట్టి, "ఇది నీది. దాచుకో" అన్నాడు. ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఆ తర్వాతి వారం నూనె ఎక్కువ రాశాను. ఎక్కువైన నూనె పోయే దారి లేక కేసు భుజాల మీద సొట్టలు పడ్డాయి. వాటికి కూడా ఏమీ అనలేదు.

భుజాలు అన్నాను కదా. కేసుకి మెడ, భుజం, ఒళ్ళు అన్నీ ఉంటాయి, మనిషికున్నట్టే. మనిషికున్నట్టే జబ్బులూ ఉంటాయి. పదేపదే ఉబ్బి కుంచించుకుని మెడ ఇత్తడి గట్టిపడిపోతుంది, పగుళ్ళిస్తుంది. అందుకని ఐదారుసార్లు కాల్చాక తాతయ్య కేసు మొదలు వేళ్ళతో పట్టుకుని మెడని కొవ్వొత్తి మంటలో తిప్పేవాడు. వేళ్ళకి చురుక్కుమనగానే తడిగుడ్డ మీదికి వదిలేసేవాడు. తన వేళ్ళే థర్మామీటరు. ఇనుములా ఇత్తడి నీళ్ళలో ముంచితే గట్టిపడదు. ఆ తడి, వేడి కిందికి పాకకుండా ఆపడానికే. మొదలు మెత్తబడితే ప్రాణానికే ముప్పు, ఒత్తిడంతా మోసేది అదే కదా.

ఆయన బల్ల దగ్గరికి అమ్మోనియా వాసన వచ్చే శుభ్రం చేసే ద్రవాలేవీ రానిచ్చేవాడు కాదు. దానికో కథ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలని గుర్రపుశాలల్లో నిలవ ఉంచితే కేసులు వాటంతటవే పగిలిపోయేవి. ఎందుకో చాలాకాలం అంతుపట్టలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, బిగువు మీదున్న ఇత్తడిని చీలుస్తోందని 1921లో పరిశోధకులు తేల్చారు. నూటికి డెబ్భై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు తుత్తునాగం కలిసిన ఆ లోహానికి అది అస్సలు పడదు. "గుర్రాలు చెప్పిన పాఠం" అనేవాడు తాతయ్య.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పని తీగ పరీక్ష. సన్నటి ఉక్కు తీగ, కొస చిన్న కొక్కెంలా వంచి, సూది మొనలా అరగదీసింది. దాన్ని కేసు మూతిలోంచి అడుగుదాకా దించి, గోడ వెంబడి మెల్లగా పైకి లాగాలి. లోపల నున్నగా ఉంటే తీగ జారుకుంటూ వచ్చేస్తుంది. కేసు సాగి సాగి అడుగుకి కాస్త పైన పల్చబడి ఉంటే అక్కడ తీగ కొస ఆగుతుంది. తగులుతుందంతే, గోరు మీద గీత తగిలినట్టు. కంటికేమీ కనబడదు, బయట మహా అయితే ఒక మెరుపు ఉంగరం. ఇంకొక్కసారి కాలిస్తే ఆ ఉంగరం దగ్గర కేసు రెండు ముక్కలై, వెనక్కి వాయువు చిమ్ముతుంది. తాతయ్య కళ్ళు మూసుకుని తీగ లాగేవాడు. నాకూ కళ్ళు మూసుకునే నేర్పాడు. తగిలితే ఆ కేసు మూతిని పట్టుకారుతో నొక్కేసి పక్కన పడేసేవాడు, పొరపాటున కూడా మళ్ళీ వరసలోకి రాకుండా.

ఒక్క గొడవ పని మాత్రం ఉండేది. ఎక్కడో పాతకాలపు కేసులు కొన్ని దొరికాయి ఆయనకి, బెర్డాన్ రకం. మామూలుగా మేం వాడేది బాక్సర్ రకం, మధ్యలో ఒకే చిల్లు, సూదితో పొడిస్తే చచ్చిన ప్రైమర్ బయటికొచ్చేస్తుంది. బెర్డాన్‌కి చిల్లులు రెండు, పక్కపక్కగా, సూది దిగదు. తమాషా ఏమిటంటే బాక్సర్ బ్రిటన్ సైనికాధికారి, బెర్డాన్ అమెరికావాడు. అమెరికా అంతా బాక్సర్‌ది పట్టుకుంది, యూరప్‌లో ఎక్కువమంది బెర్డాన్‌ది పట్టుకున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. సరే, ఆ బెర్డాన్ కేసుల్ని నీళ్ళతో నింపి, మెడకి సరిగ్గా పట్టే కడ్డీ దూర్చి, సుత్తితో ఒక్కటి వేస్తే నీళ్ళ ఒత్తిడికి ప్రైమర్ ఊడిపోతుంది. ఆ నీళ్ళు మొహం మీదికి చిమ్మేవి, నల్లటి మసి నీళ్ళు. నాలుగైదు చేశాక ఇద్దరం చాకిరేవు నుంచి వచ్చినట్టుండేవాళ్ళం. అమ్మమ్మ గుమ్మం దగ్గరే ఆపేసేది.

మందు పోసేటప్పుడు మాత్రం వేళాకోళాలుండవు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి. రెండో మందు డబ్బా ఎంత నిండుగా, ఎంత గట్టిగా మూత పెట్టి ఉన్నా, అలమారలోనే. మాట్లాడకూడదు. ఎవరైనా పిలిస్తే పలకకూడదు, పలికితే ఆ కేసులో మందు వెనక్కి పోసి మళ్ళీ మొదలు. కాటా పాతకాలపు దండె రకం. దాని లెక్క గ్రెయిన్లలో, పౌనుకి ఏడువేల గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ ఎంతుంటుందని అడిగితే తాతయ్య, "సగం గురిగింజ ఎత్తు" అన్నాడు. "అందులో పదో వంతు చూపిస్తుందే ఈ దండె. గురి అంతా గింజలోనే ఉంది, పేరులోనే చెప్పారు చూడు." ఆ శబ్దవ్యుత్పత్తి తప్పో ఒప్పో భాషాపండితులు చెప్పాలి. నాకు మాత్రం అప్పట్నుంచీ గురిగింజ అంటే నలుపు తెలియని గింజ కాదు, తూకం తెలిసిన గింజ.

ఆ మందు పొడిలా ఉండదు. పెన్సిల్ ముల్లు సన్నగా తరిగినట్టు చిన్న చిన్న నల్లటి ముక్కలు. గరిటెతో కాస్త తక్కువ పోసి, చివరి రెండు మూడు ముక్కల్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలుపుతూ రాల్చేవాడు. దండె కొస ఊగుతూ ఊగుతూ గీత మీద ఆగేది. ఆయన ఊపిరి కూడా అప్పటిదాకా ఆగేది. యాభై కేసులూ నిండాక చెక్కపలక మీద వరసగా నిలబెట్టి, టార్చిలైటు వేసి ప్రతి దాన్లోకీ తొంగి చూసేవాడు, మందు అన్నిట్లో ఒకే ఎత్తున ఉందా అని. రెండుసార్లు పోస్తే రైఫిల్ పేలిపోతుంది. అసలు పొయ్యకపోతే ఇంకా దొంగ ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే గుండుని నెట్టి గొట్టం మధ్యలో ఇరికించేస్తుంది. తుస్సుమందిలే అనుకుని రెండోది కాలిస్తే, ముందున్న గుండు దారికి అడ్డం.

కొలత అంకె ఇక్కడ రాయను. అది ఆ ఒక్క గొట్టానికి, ఆ గుండుకి, ఆ మందుకి కుదిరిన అంకె. పుస్తకం చూసి, తక్కువలో మొదలుపెట్టి, ఎవరి రైఫిల్‌ని వాళ్ళే అడగాలి.

నేను అడక్కుండా సలహా చెప్పిన రోజులున్నాయి. పదహారేళ్ళప్పుడు పుస్తకాలు నాలుగు చదివి, 175 గ్రెయిన్ల బండ గుండు పాత చింతకాయ పచ్చడని, 140 గ్రెయిన్ల సూదిమొన గుండు వేగంగా పోతుందని తీర్మానించాను. తాతయ్య కాదనలేదు. ఒక సీజనంతా నన్ను నింపుకోనిచ్చాడు. వంద మీటర్ల దగ్గర ఆయన ఐదు దెబ్బలు అగ్గిపెట్టె కింద దాగేవి. నావి పళ్ళెమంత మేర చెల్లాచెదురు. మందు మార్చాను, కొలత మార్చాను, చివరికి రైఫిల్ ముసలిదైపోయిందన్నాను.

అప్పుడు ఆయన ఒక 140 గుండుని కొవ్వొత్తి పొగ మీద పట్టి నల్లగా మసి పట్టించాడు. మందూ ప్రైమరూ లేని ఖాళీ కేసులో దాన్ని పొడుగ్గా బయటికుంచి కూర్చోబెట్టి, రైఫిల్లోకి ఎక్కించి, తీసి చూపించాడు. మసి చెదరలేదు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు మొదలయ్యే అంచు ఆ గుండుకి అందనే లేదు. తర్వాత 175 గుండుకి అదే చేశాడు. ఈసారి మసి మీద నాలుగు చిన్న గీతలు, పిల్లి గోరు గీసినట్టు. "దీని గొంతు పొడుగు. పొడుగు గుండుకోసం కోసిన గొంతు. నీ పొట్టిగుండు దారి దొరికేలోపు గాల్లో ఊగుతోంది." 1893 నాటి మొదటి గుండు 173 గ్రెయిన్లు, అంటే పదకొండు గ్రాముల పైమాటే, మొద్దు ముక్కుది. పాత గొట్టాలన్నీ దానికోసమే పుట్టాయి. నోటు పుస్తకంలో ఆ సీజన్ మొత్తానికి ఆయన రాసుకున్నది ఒక్కటే వాక్యం: "140, పిల్ల సరదా."

ఇంకో పేజీలో నా పేరు లేకుండా నా గురించి ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు, తెల్లవారుజామున, మంచు ఇంకా విడలేదు. పొదల అంచున జింక పక్కకి తిరిగి నిలబడింది. డెబ్భై మీటర్లుండొచ్చు. తాతయ్య నా ఎడమ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. గురి చూసి నొక్కాను. క్లిక్. అంతే. ఆ క్లిక్ అంత పెద్ద చప్పుడని నాకప్పుడే తెలిసింది. నా చెయ్యి రైఫిల్ బోల్టు (తూటాని బయటికి లాగే పిడి) మీదికి వెళ్ళబోయింది, ఆయన చెయ్యి దాన్ని ఆపింది. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. గొట్టం అటే ఉంచి ముప్ఫై దాకా లెక్కపెట్టాలి. ఇద్దరం పెదాలు కదుపుతూ లెక్కపెట్టాం. పదకొండు దగ్గర జింక తలెత్తింది. పదిహేడు దగ్గర మావైపు చూసింది. ఇరవై నాలుగు దగ్గర, తొందరేమీ లేకుండా, పొదల్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత ఆ తూటాని తీసి చూశాం. ప్రైమర్ మీద సొట్ట లోతుగా లేదు. అదే తూటాని మట్టికట్ట వైపు రెండోసారి కొడితే చక్కగా పేలింది. నేను ప్రైమర్‌ని గూట్లో పూర్తిగా అడుక్కి దించలేదు, మొదటి దెబ్బ దాన్ని లోపలికి దించడానికే సరిపోయింది. దించాక చూపుడువేలుతో ఓసారి తడిమితే తెలిసిపోయేది, అంచు కంటే వెంట్రుకవాసి కిందికి ఉండాలి. నోటు పుస్తకంలో ఇలా ఉంది: "తుపాకీ తప్పు కాదు. వేలు వెయ్యలేదు. జింక బాగుంది." ఆ మూడో వాక్యం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

తర్వాత ఉద్యోగం, వేరే ఊరు. ఏడాదికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం, మాటలు తక్కువ, గలగలలు ఎక్కువ.

మొన్న వర్షాలకి అలమారలో చెమ్మ చేరింది. పెట్టె తీసి చూస్తే తూటాల మీద అక్కడక్కడ పచ్చటి మచ్చ. ఇంక ఆలోచించలేదు. కాల్చను, పాడవనివ్వను. విప్పుతాను.

విప్పడానికి సుత్తిలాంటి ప్లాస్టిక్ పనిముట్టు ఉంటుంది. దాని తలలో తూటాని వెనక్కి తిప్పి బిగించి గట్టి చెక్కమొద్దు మీద కొడితే, కుదుపుకి గుండు ఊడి మందుతో సహా లోపలే పడుతుంది. తాతయ్య కాటా బల్ల మీద పెట్టాను. దండె సరిచేశాను. ఎందుకు తూచాలనుకున్నానో తెలీదు, అలవాటు కావచ్చు. మొదటిది విప్పి మందు పళ్ళెంలో పోశాను. దండె ఊగి ఊగి ఆగింది. నోటు పుస్తకంలోని పాత అంకె మీద సరిగ్గా. రెండోది అంతే. మూడోది అంతే. పదకొండు దాకా పదో వంతు అటూ ఇటూ లేదు. ఒక్కోటి చూస్తుంటే గర్వంగా ఉంది, పక్కింటివాళ్ళని పిలిచి చూపించాలన్నంత.

పన్నెండోది మూడు పదో వంతులు ఎక్కువ. కాటాకి గాలి తగిలిందేమోనని కిటికీ మూసి మళ్ళీ తూచాను. అదే. పదమూడోది నాలుగు తక్కువ. పద్నాలుగోది సరిగ్గా ఉంది, ఊపిరి పీల్చుకున్నాను. పదిహేనోది దాదాపు గ్రెయిన్ ఎక్కువ. పదహారు, పదిహేడు చెరోవైపు తూలాయి. పద్దెనిమిదో తూటాని మొద్దు మీద కొడితే గుండు ఒక్కటే పడింది. పనిముట్టు తల విప్పి బోర్లించాను. కేసుని వెలుతురుకి పెట్టి లోపలికి చూశాను. తళతళలాడే ఇత్తడి గోడలు, అడుగున చిన్న చిల్లు. మందు ముక్క ఒక్కటి లేదు.

అలా పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

పంతొమ్మిదోది విప్పడానికి చెయ్యి రాలేదు. చివరికి కొట్టాను. సరిగ్గా పాత అంకె. ఇరవయ్యోదీ అంతే, గింజ తేడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పోవడానికి ముందు ఏడాది, నేను సెలవుకి వెళ్ళినప్పుడు, బల్ల దగ్గర కూర్చుని కళ్ళద్దాలు తుడుస్తూ నన్ను పిలిచాడు. "అమ్మలూ, అద్దాలు మసకగా ఉన్నాయి. ఈ రెండూ నువ్వు తూచిపెట్టు." నేను నిలబడే తూచి, నింపి, గుళ్ళు కూర్చోబెట్టి, ఫోను మోగుతోందని బయటికి వెళ్ళిపోయాను. టార్చిలైటు వేసి చూశాడో లేదో నేను చూడలేదు. అద్దాలు మసకలేవని నేను అడగలేదు. ఆయన ఆ తర్వాత రైఫిల్ తీసినట్టు కూడా లేదు. నోటు పుస్తకంలో దాని తర్వాత రాత లేదు.

పెట్టె మీద తారీఖు ఎందుకు లేదో అప్పుడు చూశాను. అక్కడ పెన్సిల్ మొన ఆనించి తీసేసిన చుక్క ఒకటి ఉంది.

పాత మందుని పూలమొక్కల మొదట్లో చల్లేశాను, దాన్లో నత్రజని ఉందని చాలామంది చేసే పనే. ప్రైమర్లు బతికే ఉన్నాయి, వాటిని కదపలేదు, వేలు మాత్రం వేశాను, ఇరవైకీ. ఆ ఇరవైలో ఒక్కటి కూడా ఎత్తుగా లేదు. కళ్ళు పోయినా ఆయన వేలికి తెలుసు. పచ్చమచ్చలు గుడ్డతో తుడిచి, కళ్ళు మూసుకుని ఒక్కోదాన్లో తీగ దించి లాగాను, ఎక్కడా ఆగలేదు. డైలోంచి ప్రైమర్ తీసే సూది విప్పేసి మెడలు మాత్రం సర్దాను. నూనె మర్చిపోలేదు. కొత్త డబ్బా ఒక్కటే బల్ల మీద పెట్టి, ఫోను వేరే గదిలో పెట్టి, ఆ గుళ్ళతోనే మళ్ళీ నింపాను. టార్చిలైటు వేసి రెండుసార్లు తొంగి చూశాను.

అదే అట్టపెట్టెలో సర్దాను. ఆయన రాత చెరపలేదు. దాని కింద, ఆ చుక్క దగ్గర మొదలుపెట్టి, పెన్సిల్‌తోనే తారీఖు వేశాను.